ఖజానా ఖాళీ అయినప్పుడు ఆసుపత్రిలో కత్తెర ఎక్కడ పడుతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: రాష్ట్రం అప్పుల్లో ఉంది, నెల నెలా జీతాలకే తడుముకుంటున్నారు. అలాంటప్పుడు వైద్యం ఖర్చు కాస్త తగ్గిస్తే తప్పేంటి? ఓపీ చీటీకి పదో పాతికో తీసుకుంటే పోయేదేముంది? ఇలాంటి కష్టం వచ్చిన వేరే దేశాలు ఏం చేశాయి?

నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ వైద్యంలో ఉండి రిటైరయ్యాను. మొదట పీహెచ్‌సీ, తరవాత ముప్పై పడకల ఆసుపత్రి, చివరి ఏడేళ్లు జిల్లా ఆఫీసులో బడ్జెట్ ఫైళ్లు. డబ్బు ఆగడం పైనుంచి ఎలా మొదలవుతుందో, కింద ఎవరి నెత్తిన పడుతుందో రెండూ చూశాను. పొదుపు వద్దని నేను అనను. ప్రభుత్వ ఆసుపత్రిలో వృథా లేదంటే నాతో పనిచేసినవాళ్లే నవ్వుతారు. నా గొడవంతా కత్తెర ఎక్కడ పెడుతున్నారన్న దాని గురించే.

ఆసుపత్రి ఖర్చులో సింహభాగం జీతాలు. అవి ఆగితే సమ్మె. మొదలుపెట్టిన భవనాలు ఆపితే కాంట్రాక్టరు కోర్టుకెక్కుతాడు, శిలాఫలకం మీద పేరున్నాయన ఊరుకోడు. ఆరోగ్యశ్రీ బకాయిలు పెరిగితే ఆ పథకం కింద వైద్యం చేసే ప్రైవేటు (నెట్‌వర్క్) ఆసుపత్రులు ఫలానా తేదీ నుంచి సేవలు బంద్ అని ప్రకటిస్తాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇది చాలాసార్లు చూశాం. ఇక మిగిలేవన్నీ నోరు లేనివి. మందులు, గ్లౌజులు, రిపేర్లు, జనరేటర్ డీజిల్, దోమల మందు, ఏఎన్ఎం ఊళ్లు తిరిగే ఖర్చు, ఖాళీ పోస్టు. ఖాళీ పోస్టు ధర్నా చెయ్యదు కదా.

ఇంకో సంగతి. 'కోత' అని రాసిన జీవో నా సర్వీసులో ఒక్కటీ చూడలేదు. అసెంబ్లీలో చదివే కేటాయింపు పోయినేడాది కన్నా ఎక్కువే ఉంటుంది. కానీ ఆ డబ్బు వాడుకోవచ్చని మూడు నెలలకోసారి రావాల్సిన బడ్జెట్ రిలీజ్ ఆర్డర్ రాదు. వచ్చినా ట్రెజరీలో ఫ్రీజింగ్, అంటే బిల్లుల చెల్లింపు ఆపేయడం. మేం బిల్లు ఆన్‌లైన్‌లో పెడతాం, టోకెన్ నంబరు పడుతుంది, ఇక అది అక్కడే కూర్చుంటుంది. మార్చి 31 దాటిందంటే నిధులు మురిగిపోతాయి, ఏప్రిల్‌లో మళ్లీ మొదటి నుంచి. పేపర్లో చూస్తే ఎవరూ ఏదీ తగ్గించలేదు. ఆసుపత్రిలో మాత్రం దూది ఉండదు.

ముప్పై పడకల ఆసుపత్రిలో ఉన్నప్పుడు మా ఆటోక్లేవ్ పాడైంది. ఆపరేషన్ సామాను ఆవిరిలో శుభ్రం చేసే యంత్రం అది. తలుపు రబ్బరు, హీటరు మార్చాలి, ఏడు వేలవుతుందన్నాడు మెకానిక్. అంతకుముందు చేసిన పనికే డబ్బు రాలేదు కాబట్టి అది తీరిస్తేనే మళ్లీ వస్తానన్నాడు. అతని తప్పేమీ లేదు. నెలన్నర థియేటర్ మూతపడింది. గైనిక్ డాక్టరమ్మ, మత్తు డాక్టరు, ఇద్దరు సిస్టర్లు రోజూ వచ్చి సంతకాలు పెట్టి ఓపీ చూసుకుని వెళ్లేవాళ్లు, జీతాలు మామూలే. సిజేరియన్ అవసరమైనవాళ్లని 108 ఎక్కించి జిల్లా కేంద్రానికి పంపేవాళ్లం. అంత దూరం ఎందుకని కొందరు రోడ్డు అవతల నర్సింగ్ హోమ్‌కే వెళ్లిపోయేవారు. అలా వెళ్లిన ఒకమ్మాయి అత్తగారు తరవాత పిల్లాడికి టీకా వేయించడానికి వచ్చి, "నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చామయ్యా, గేదెని అమ్మితే గానీ తీరదు" అంది. కోపంగా కూడా అనలేదు, ఏదో ఊసు చెప్పినట్టు చెప్పింది. చివరికి స్టాఫ్ అందరం చందాలేసుకుని యంత్రం బాగు చేయించాం. ఆ రశీదు క్లెయిమ్ చేస్తే 'ముందస్తు అనుమతి లేదు' అని ఆడిట్ అభ్యంతరం వచ్చింది, అది వేరే కథ.

ఖజానా లెక్కలో ఆ నెలన్నరలో ఏడు వేలు మిగిలాయి. పనిలేకుండా నడిచిన నాలుగు జీతాలు ఆ లెక్కలో కనపడవు, ఆ గేదె అసలే కనపడదు. బిల్లు మాయం కాలేదు, ప్రభుత్వం పుస్తకంలోంచి ఇంటి పుస్తకంలోకి మారింది. అదీ వడ్డీతో. మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇదే, మిగతాదంతా దీనికి సాక్ష్యం.

దేశం మొత్తంగా ఇదే జరిగితే ఎలా ఉంటుందో చూడాలంటే గ్రీసు సంగతి తెలుసుకోవాలి. 2010 మేలో ఐఎంఎఫ్, యూరోపియన్ కమిషన్, యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు కలిసి ఆ దేశానికి అప్పిస్తూ షరతులు పెట్టాయి. ప్రభుత్వ ఆరోగ్య ఖర్చు జీడీపీలో 6 శాతం దాటకూడదన్నది వాటిలో ఒకటి. మన అంకెలు తెలిసినవాళ్లకు 6 శాతం మహాభాగ్యంలా కనిపిస్తుంది. కానీ ఆ జీడీపీయే కొన్నేళ్లలో దాదాపు నాలుగో వంతు కుంగిపోయింది. కుంగుతున్న దాంట్లో 6 శాతం అంటే ఏటికేడు చిక్కిపోయే గిన్నె.

గ్రీసు వాళ్లు చేసిందంతా తప్పేనని కూడా చెప్పలేను. 2009లో అక్కడ మందుల మీద ప్రభుత్వ ఖర్చు 500 కోట్ల యూరోలు దాటింది. కోటికి కాస్త పైన జనాభా ఉన్న దేశానికి అది చాలా ఎక్కువ. దాన్ని 2014 కల్లా 200 కోట్లకు దించాలని లక్ష్యం పెట్టుకుని, కంప్యూటర్ ప్రిస్క్రిప్షన్లు, జెనెరిక్ మందులు, ధరల కట్టడి తెచ్చారు. ఆ పని ఎప్పుడో చేసి ఉండాల్సింది. దెబ్బ మరోచోట తగిలింది. అక్కడ ఆరోగ్య బీమా ఉద్యోగానికి ముడిపడి ఉండేది. 2013లో నిరుద్యోగం 27 శాతం దాటింది. పని పోయింది, కొన్నాళ్లకు బీమా కూడా పోయింది. ఇరవై లక్షల పైచిలుకు జనం బీమా లేకుండా మిగిలారు. జబ్బులు ఎక్కువయ్యే రోజుల్లోనే కార్డు చెల్లకుండా పోయిందన్నమాట. 2011 డిసెంబరులో ఏథెన్స్ దగ్గర హెలినికోలో వాలంటీర్ డాక్టర్లు ఒక క్లినిక్ తెరిచారు. జనం ఇళ్లలో మిగిలిపోయిన మందులు తెచ్చి ఇస్తే వాటితోనే నడిపేవారు. బీమా లేనివాళ్లకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మళ్లీ హక్కు కల్పించిన చట్టం వచ్చేసరికి 2016 అయింది.

నన్ను బాగా కదిపినది హెచ్ఐవీ లెక్క. మత్తు సూదులు వాడేవాళ్లలో కొత్తగా హెచ్ఐవీ సోకినవాళ్లు గ్రీసు మొత్తం మీద 2009లో 15 మంది. 2012లో 480 దాటారు. వాళ్లకు శుభ్రమైన సూదులిచ్చే కార్యక్రమాలు ముందే అరకొర, చేతిలో డబ్బు లేని రోజుల్లో అవసరానికి ఏ మూలకూ సరిపోలేదు. సూది ఖరీదు ఎంతుంటుంది? హెచ్ఐవీ వచ్చినవాడికి బతికున్నన్నాళ్లూ మందులు ఇవ్వాలి, అదీ ప్రభుత్వమే. తరవాత యూరప్ డబ్బుతో ఏథెన్స్‌లో పరీక్షలు, సూదులు, చికిత్స కలిపి పెద్ద కార్యక్రమం పెట్టాక కేసులు దిగొచ్చాయి. అంటే ముందు ఖర్చు పెట్టనిది తరవాత పెట్టారు, మధ్యలో కొన్ని వందల మంది జీవితకాలపు రోగులయ్యారు.

మలేరియా సంగతి కూడా చాలామంది దీనితో కలిపి చెబుతారు. 1974లోనే గ్రీసు మలేరియాను వదిలించుకుంది. 2011లో దక్షిణాన లకోనియా ప్రాంతంలో, బయటి దేశాలకు వెళ్లనివాళ్లకే నలభై దాకా కేసులు వచ్చాయి. దీన్ని నేను పూర్తిగా కోతల ఖాతాలో వెయ్యను. మలేరియా ఉన్న దేశాల నుంచి పొలం పనులకు వచ్చిన కూలీలు, అక్కడి తడి నేల, దోమ, అన్నీ కలిశాయి. కానీ దోమల మందు చల్లే మనిషి ఉన్నన్నాళ్లూ అతని విలువ ఎవరికీ తెలియదన్నది మన ఏజెన్సీ ప్రాంతాల్లో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు.

ఇక ఓపీ చీటీ. గ్రీసులో ఓపీ ఫీజు 3 యూరోల నుంచి 5కి పెంచారు. 2014 జనవరిలో అడ్మిట్ అయితే 25 యూరోలు కట్టాలన్నారు. అంత గోల జరిగింది కాబట్టి కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుని, ఆ డబ్బు సిగరెట్ల పన్ను మీద రాబట్టుకుంటామన్నారు. సిగరెట్ మీద పన్ను అనేది నా దృష్టిలో మొదటే రావాల్సిన ఆలోచన.

మన లెక్క వేసుకుందాం. రోజుకు 300 ఓపీ ఉన్న ఆసుపత్రి, చీటీకి పది రూపాయలు, ఏడాదికి 300 రోజులు. మొత్తం తొమ్మిది లక్షలు. అంత ఆసుపత్రిలో జీతాలే కోట్లలో ఉంటాయి. ఆ తొమ్మిది లక్షల్లోంచి చీటీ కౌంటర్‌లో కూర్చునే మనిషి జీతం తియ్యండి. తెల్ల కార్డువాళ్లు, గర్భిణులు, టీబీ రోగులు, వృద్ధులు కట్టక్కర్లేదంటారు కదా, వాళ్లను తీసేయండి. ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చేవాళ్లలో ఇక ఎందరు మిగులుతారు? 1990లలో, ప్రపంచ బ్యాంకు అప్పుతో వైద్య విధాన పరిషత్ కింద ఉన్న ప్రభుత్వ ఆసుపత్రులు బాగుచేస్తున్న రోజుల్లో 'యూజర్ చార్జీలు', అంటే రోగి దగ్గర రుసుము తీసుకోవడం, అన్న మాట లేకుండా మాకు ఒక్క మీటింగ్ కూడా జరిగేది కాదు. జనానికి విలువ తెలుస్తుంది అనేవారు. కూలి పని చేసుకునే మనిషి ఆసుపత్రికి వచ్చాడంటే అప్పటికే ఆ రోజు కూలి, బస్సు చార్జీ పెట్టుకుని వచ్చాడు. విలువ అతనికి మనం నేర్పనక్కర్లేదు. పది రూపాయలకు భయపడి ఆగేది డబ్బున్నవాడు కాడు, బీపీ మాత్రలు అయిపోయిన ముసలమ్మ. ఆవిడ రెండు నెలలు ఆగి పక్షవాతంతో వస్తుంది. అప్పుడు పదులతో అయ్యే పని కాదు.

స్పెషల్ రూములకు, డ్రైవింగ్ లైసెన్సు మెడికల్ సర్టిఫికెట్లకు డబ్బు తీసుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు.

డబ్బు లేదు కాబట్టి ఏమీ చేయలేం అన్న మాట చరిత్రలో నిలబడదు. బ్రిటన్ తన ఉచిత వైద్య వ్యవస్థను 1948 జులై 5న మొదలుపెట్టింది. యుద్ధం అప్పు జాతీయాదాయానికి రెండింతలు పైన ఉంది, రొట్టెకు రేషన్ ఎత్తేసింది కూడా ఆ నెలలోనే. మూడేళ్లు తిరిగేసరికి కళ్లజోళ్లకు, కట్టుడు పళ్లకు చార్జీ పెట్టాలన్నారు. ఆ వ్యవస్థను నిలబెట్టిన మంత్రి ఎన్యూరిన్ బెవాన్ దాని మీద రాజీనామా ఇచ్చాడు. అంటే అక్కడా గొడవలున్నాయి, కానీ గొడవ అంచుల దగ్గర జరిగింది.

మనకు దగ్గర పాఠం థాయిలాండ్‌ది. వాళ్లు కూడా కోత పెట్టారు, నాకు నచ్చిన కోత. 1982 నుంచి 1986 వరకూ పట్టణాల్లోని పెద్ద ఆసుపత్రులకు కొత్త పెట్టుబడి ఆపేసి, ఆ డబ్బు తీసుకెళ్లి గ్రామీణ జిల్లాల ఆసుపత్రుల్లో పెట్టారు. పెద్ద డాక్టర్లు ఎంత రుసరుసలాడి ఉంటారో ఊహించగలను. 1997లో వాళ్ల కరెన్సీ కుప్పకూలింది. ఆ దెబ్బ నుంచి కోలుకుంటున్న 2001లోనే, ఏ జబ్బుకైనా ఒకసారి వస్తే 30 బాత్‌లే అన్న పథకం మొదలుపెట్టగలిగారంటే కారణం కింద ఆసుపత్రులు ముందే సిద్ధంగా ఉండటం. కొన్నేళ్ల తరవాత కొంతకాలం ఆ 30 కూడా తీసేశారు. 2006లో ఎయిడ్స్ మందు ఎఫావిరెంజ్ ధర మొయ్యలేక కంపల్సరీ లైసెన్స్ ఇచ్చి, అంటే పేటెంట్ ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా ప్రభుత్వమే అనుమతిచ్చి, మన దేశపు జెనెరిక్ తెప్పించుకున్నారు. పొదుపంటే అదీ. మందు తగ్గలేదు, ధర తగ్గింది.

మన పక్కనే తమిళనాడు ఉంది. 1995 నుంచి వాళ్ల మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ రాష్ట్రం మొత్తానికి మందులు ఒక్క చోట కొంటోంది. కంపెనీ పేరుతో కాకుండా మందు పేరుతో టెండరు, ప్రతి బ్యాచ్‌కీ ల్యాబ్ పరీక్ష, ఎంత విలువ మందులు తీసుకోవచ్చో రాసి ఆసుపత్రికో పాస్‌బుక్, జిల్లా గోడౌన్‌లో ఎంత సరుకుందో కంప్యూటర్‌లో కనపడటం. ఇందులో గొప్ప సిద్ధాంతమేమీ లేదు. మన కార్పొరేషన్లు, సెంట్రల్ డ్రగ్ స్టోర్లు అదే నమూనాలో నడవాల్సినవే. కానీ సప్లయర్లకు ఏడాదిన్నర బకాయి పెడితే మంచి కంపెనీలు టెండర్లకు రావు. వచ్చినవాళ్లు ఆలస్యానికి వడ్డీ కూడా కలిపే రేటు వేస్తారు. ఆపైన ఆసుపత్రి లోకల్ పర్చేజ్‌కి దిగుతుంది, అదే మాత్ర రెండు మూడు రెట్లకు. బిల్లు ఆపడం వల్ల ఖర్చు ఎలా పెరుగుతుందో దీనికన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

బుర్ర పెట్టి పొదుపు చేయడం ఎలాగో చెప్పమంటే నేను కుక్కకాటు టీకా చూపిస్తాను. పాత పద్ధతిలో కండకు ఐదు డోసులు, డోసుకో వయల్ (చిన్న మందు సీసా). చర్మంలోకి ఇచ్చే పద్ధతికి మన దేశంలో 2006లో అనుమతి వచ్చింది. రెండు చేతులకూ 0.1 మిల్లీలీటరు చొప్పున 0, 3, 7, 28వ రోజుల్లో. మొత్తం కలిపి 0.8 మిల్లీలీటర్లు. రక్షణలో తేడా లేదు, టీకా ఎన్నో రెట్లు కలిసొస్తుంది. దీనికో చిక్కుంది. తెరిచిన వయల్ కొన్ని గంటల్లో వాడెయ్యాలి, కాబట్టి కాటుకు గురైనవాళ్లు ఒక చోటికి చేరాలి, చర్మంలోకి సూది వెయ్యడం వచ్చిన సిస్టర్ ఉండాలి. మా దగ్గర ఆ పని బాగా వచ్చిన సిస్టర్ రిటైరయ్యాక ఆ పోస్టు నింపలేదు. కొత్తగా వచ్చిన కాంట్రాక్ట్ అమ్మాయికి ట్రైనింగ్ లేదు, భయపడి కండకే ఇచ్చేది. ఒక జీతం మిగుల్చుకోబోయి రెండు నెలల్లో వయళ్లు ఖాళీ చేసుకున్నాం. ఆ తరవాత కుక్క కరిచిన పిల్లాణ్ని ఎత్తుకుని వచ్చిన తండ్రికి చీటీ రాసి "బయట తెచ్చుకో" అని పంపాల్సి వచ్చింది. రేబీస్ వస్తే వైద్యం లేదని ఆ చీటీ రాసే నాకు తెలుసు.

టీబీ కూడా ఇలాంటిదే. మామూలు టీబీకి ఆరు నెలల మందు. మధ్యలో స్టాకు లేదని రెండు మూడు వారాలు ఆగితే మందుకు లొంగని టీబీగా మారే ప్రమాదం ఉంది. దానికి మందులు ఖరీదు, బాధ ఎక్కువ, దగ్గుతో ఇంట్లోవాళ్లకు అంటేదీ ఆ మొండి రకమే. 2024 మార్చిలో కేంద్రమే రాష్ట్రాలకు టీబీ మందులు కొన్నాళ్లు స్థానికంగా కొనుక్కోండని లేఖ రాయాల్సి వచ్చింది. ప్రభుత్వం ఎంత కష్టంలో ఉన్నా టీకాలు, టీబీ, ప్రసూతి, బీపీ-షుగర్ మాత్రలు, చిన్న రిపేర్లు, ఈ ఐదింటికీ ఫ్రీజింగ్ తగలకూడదని రిటైరయ్యే ముందు ఒక నోట్ పెట్టాను. ఫైలు ఎక్కడుందో తెలియదు.

మరి ఎక్కడ కొయ్యాలి అంటారా. ఉన్న భవనంలో డాక్టరు లేనప్పుడు కొత్త భవనం ఆపండి. నిర్వహణ ఒప్పందానికి డబ్బు లేకుండా కొనే స్కానింగ్ మిషను ఆపండి. నా కళ్లముందు అట్టపెట్టెలోనే వారంటీ అయిపోయిన యంత్రాలున్నాయి. ఆరోగ్యశ్రీ విషయంలో నా మాట చాలామందికి నచ్చదు. 2007లో అది మొదలైనప్పుడు గుండె ఆపరేషన్లు అయి బతికిన పిల్లల్ని చూశాను కాబట్టి దాన్ని తీసేయమని అనను. 2023 డిసెంబరులో తెలంగాణ పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది, అదే నెలలో ఆంధ్రప్రదేశ్ 25 లక్షలు చేసింది. ఐదు లక్షలు దాటే కేసులు ఎన్ని ఉంటాయి? పరిమితి పెంచితే పేపర్లో మొదటి పేజీ వార్త, బకాయి తీరిస్తే ఏ పేజీలోనూ రాదు. ప్రభుత్వ ఆసుపత్రిలో చేయగల ఆపరేషన్లను అక్కడే చేయిస్తే ఆరోగ్యశ్రీ ఆ ఆపరేషన్‌కిచ్చే ప్యాకేజీ డబ్బు ఆసుపత్రి అభివృద్ధి సంఘానికి వస్తుంది. దాంతో గ్లౌజులూ కొనుక్కోవచ్చు, ఆటోక్లేవ్ రబ్బరూ మార్చుకోవచ్చు.

పెద్ద అంకెలు కూడా చెప్పాలి. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో వైద్యం ఖర్చులో జనం సొంత జేబులోంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం, 2021-22లో 39.4 శాతం. ఇది మంచి మార్పే, కాకపోతే చివరి ఏడాది కోవిడ్ కాలం, ప్రభుత్వాలు మామూలు కన్నా ఎక్కువ పెట్టాయి. ప్రభుత్వ ఖర్చు ఆ ఏడాది జీడీపీలో 1.84 శాతం. 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 కల్లా 2.5 శాతం చేస్తామంది, అందులో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికే అంది. కాబట్టి 'కాస్త తగ్గిస్తే' అని మీరన్నప్పుడు మనం ఏ ఎత్తు మీంచి దిగుతున్నామో గుర్తుంచుకోండి.

మీ ఊరి ఆసుపత్రిలో కోత ఉందో లేదో బడ్జెట్ ప్రసంగం చూస్తే తెలియదు. కేటాయింపు పక్కనే సవరించిన అంచనా, రెండేళ్ల కిందటి అసలు ఖర్చు ఉంటాయి, ఆ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. అంతకన్నా తేలిక, ఫార్మసిస్టు దగ్గర 'నిల్ స్టాక్' జాబితా ఉంటుంది. ఆసుపత్రిలో ఉండాల్సి ఉండీ ఈరోజు లేని మందులవి. అభివృద్ధి సంఘం మీటింగ్‌లో సభ్యుల చేత అడిగించండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, మండల స్థాయి ఆఫీసుకైతే ఫీజు ఐదు రూపాయలే. మూడు నెలల జాబితాలు చేతికొచ్చాక ఇక్కడ పెట్టండి, అందులో ఏది టెండరు ఆలస్యమో, ఏది బిల్లు ఆగడమో, ఏది మందులు కావాలని ఇండెంట్ పెట్టని బద్ధకమో నేను చూసి చెబుతాను.